తాతల నాటి సామాన్లు: బాగు చేయించి అమ్మాలా, ఉన్నవి ఉన్నట్టే అమ్మాలా?

మీ ప్రశ్న చదివాను. హన్మకొండ దగ్గరి ఊళ్లో తాతగారి ఇల్లు తీసేస్తున్నారు. అందులో అడుగు చిల్లుపడ్డ పెద్ద ఇత్తడి గంగాళం, ఒక కాలు పుచ్చిన టేకు మందసం, ఆగిపోయిన హెచ్‌ఎంటీ జనతా గడియారం, పాత వాల్వుల రేడియో, ఒక డబ్బాలో నిజాం నాటి వెండి రూపాయలు, అంచులు చిరిగిన బొమ్మల పటం చుట్ట ఒకటి దొరికాయి. చూసిన వ్యాపారి "అన్నీ మంచిగ తోమించి పాలిష్ కొట్టించి తెండి, రేటు పెంచుతా, లేదంటే అన్నీ కలిపి ఒక్క మాట మీద ఇప్పుడే తీసుకుంటా" అన్నాడు. ఏం చేయమంటారని అడిగారు.

వరంగల్‌లో పాత సామాన్లు కొనడం, బాగు చేయించడం, అమ్మడం చాలా ఏళ్లుగా నా పని. ముందు సూటిగా జవాబు చెప్తాను, కారణాలు తర్వాత. రూపాయలను తోమకండి. పటాన్ని విప్పకండి. గంగాళాన్ని పాలిష్‌కు ఇవ్వకండి. మందసానికి పురుగు ఆపించి అక్కడితో ఆగండి. గడియారం, రేడియోల మీద మాత్రం కొంత డబ్బు పెట్టొచ్చు, అదీ లోపలి యంత్రం మీదే, పైరూపం మీద కాదు.

ఇంతకీ ఏ వస్తువు బాగు చేయించాలన్నది వస్తువును చూసి తేలదు, కొనే మనిషిని చూసి తేలుతుంది. పాత సామాను కొనేవాళ్లలో రెండు రకాలున్నారు. కొత్తగా ఇల్లు కట్టుకుని హాల్లో ఒక గంగాళం పెట్టి నీళ్లు పోసి పూలు వేద్దామనుకునేవాళ్లు, రిసార్టుకో హోటల్‌కో అలంకారానికి వెతికేవాళ్లు మొదటి రకం. వీళ్లకు వస్తువు మెరవాలి, కదలకుండా నిలబడాలి, ఇంటికి తెచ్చాక మళ్లీ పని ఉండొద్దు. రెండో రకం సేకరించేవాళ్లు. వీళ్లకు కావాల్సింది చేయి పడని వస్తువు. మురికి ఉన్నా ఫర్వాలేదు, దాన్ని ఎట్లా తీయాలో వాళ్లకు తెలుసు. మీరు తీసేసినదాన్ని మాత్రం వాళ్లు తిరిగి పెట్టలేరు. మీకు చెప్పిన వ్యాపారి మొదటి రకానికి అమ్మేవాడై ఉంటాడు, అందుకే తోమించమన్నాడు. ఆయన మాట ఆయన గిరాకీకి సరిపోతుంది, మీ దగ్గరున్న అన్నిటికీ సరిపోదు.

రూపాయల దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే నష్టం అక్కడే తొందరగా జరుగుతుంది. ఇంట్లో ఎవరో ఒకరు ప్రేమగా కూర్చుని చింతపండుతోనో, పళ్లపొడితోనో రుద్దేస్తారు. చార్మినార్ బొమ్మ ఉన్న హాలీ సిక్కా రూపాయి (నిజాం సర్కారు సొంత రూపాయి) బరువు సుమారు 11.18 గ్రాములు, అందులో వెండి 81.8 శాతం. బ్రిటిష్ వాళ్ల రూపాయి 11.66 గ్రాములు, 91.7 శాతం వెండి. 1940 నుంచి అదీ సగం వెండికి దిగింది. అంటే తూకానికి అమ్మితే మీకొచ్చేది ఇంతే, లెక్క మీరే వేసుకోవచ్చు. తూకాన్ని మించి ధర వచ్చేదంతా అచ్చు ఎంత స్పష్టంగా ఉంది, ఏ సంవత్సరం, ఏ రకం అన్నవాటి మీదే. ఒక రూపాయిని అంచులు పట్టుకుని వెలుగులోకి తిప్పి చూడండి. చార్మినార్ నడిమి కమాను లోపల చిన్న ఉర్దూ అక్షరం ఒకటి కనిపిస్తుంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలం నాణెమైతే 'మీమ్', ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కాలందైతే 'ఐన్'. ఉస్మాన్ అలీ ఖాన్ తొలి ఏడాది రెండేళ్లలో ఆ ఐన్ చిన్నదిగా, తర్వాత పూర్తిగా ముద్రించారు. చిన్న ఐన్ ఉన్నవాటిని సేకరించేవాళ్లు ప్రత్యేకంగా వెతుకుతారు. సంవత్సరం హిజ్రీలో, అంటే ముస్లిం పంచాంగం లెక్కలో ఉంటుంది, 1329 అని కనిపిస్తే అది 1911 అని అర్థం. ఈ అక్షరం, ఈ అంకెలు నాణెం మీద ఎంత పల్చగా లేచి ఉంటాయంటే, పొడితో రుద్దితే ముందు పోయేవి అవే. రుద్దిన నాణెం మీద సన్నని గీతలు పడతాయి, తెలిసినవాడు భూతద్దం పెట్టగానే పట్టేస్తాడు. అప్పుడిక వెండి తూకమే ధర. వెండి మీద ఏళ్ల తరబడి పట్టిన నలుపును కొందరు ఇష్టపడి కొంటారు కూడా. డబ్బాలో ఒకదానికొకటి రాసుకోకుండా విడివిడిగా కాగితం పొట్లాల్లో పెట్టండి, పీవీసీ కవర్లలో మాత్రం వద్దు, అవి కొన్నాళ్లకు జిగురుగా మారి నాణేన్ని పాడుచేస్తాయి. మీరు చేయాల్సిన 'రిపేరు' ఇంతే.

గంగాళం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మీరు ఫొటో పంపలేదు కాబట్టి మీరే చూడండి. పగటి వెలుతురులోకి తెచ్చి మూతి అంచు చుట్టూ వేలితో తడుముతూ వెళ్లండి. మన దగ్గర పెళ్లికి పెట్టిన బోళ్ల మీద పేరు చెక్కించే అలవాటు ఉండేది. ఉలి మొనతో చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు ఉంటాయి: ఇంటి పేరు, మనిషి పేరు, ఒక్కోసారి ఊరు, సంవత్సరం. పొడి గుడ్డతో దుమ్ము తుడిచి, టార్చిలైటు పక్కనుంచి వేస్తే నీడలు పడి చదవడానికి వస్తాయి. ఆ నాలుగు ముక్కలు దొరికితే అది ఏ ఊరి గంగాళమో, ఎవరి ఇంటికి ఏ సంవత్సరం వచ్చిందో చెప్పే సాక్ష్యం దానికదే మోసుకొస్తున్నట్టు. బఫింగ్ మెషీన్ మీద పెడితే మొదట అరిగేవి ఆ చుక్కలే. మెషీన్ రాపిడికి అతుకు గీతలు, సుత్తి దెబ్బల గుర్తులు కూడా సాపై పోతాయి. చేతితో కొట్టిన పాత గంగాళానికి ఆ సుత్తి దెబ్బలే గుర్తు. అవి పోయాక నిన్న మొన్న షాపులో కొన్నదానికీ, మీ తాతలదానికీ తేడా ఎట్లా చూపిస్తారు?

చిల్లు మాటేమిటంటే, గంగాళం అలంకారానికే పోతుందనుకుంటే చిల్లు ఉన్నా కొంటారు. నీళ్లు నిలవాలని అడిగేవాడు దొరికితే అప్పుడు పూడ్పించండి. కానీ ఎవరితో? వీధి చివర వెల్డింగ్ షాపుకు మాత్రం వద్దు. అక్కడి వేడికి పల్చని రేకు ముడుచుకుపోతుంది, చుట్టూ రంగు మారుతుంది. పాత పద్ధతిలో లోపలి వైపు నుంచి ఇత్తడి బిళ్ల వేసి అతికే కంచరాయన దొరికితే చేయించండి. జనగామ దగ్గర పెంబర్తి ఇత్తడి రేకు పనికి పేరున్న ఊరు, ఆ పనికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. రేకును కొట్టి మలచడం తెలిసిన చేతులు అక్కడున్నాయి. బిళ్ల కనిపిస్తుందే అని బాధపడకండి. లోపలి వైపు శుభ్రంగా వేసిన బిళ్ల నిజాయితీగా ఉంటుంది, కొనేవాడికి చూపించి చెప్పొచ్చు. పై నుంచి పుట్టీ పెట్టి ఇత్తడి రంగు పూసింది మాత్రం తెలిసిన రోజున మీ పేరు పోగొడుతుంది. లోపల కలాయి (తగరం పూత) పాతదై పోయినా కొత్తగా పోయించకండి. వంటకు వాడతానని కొనేవాడు తన డబ్బుతో తాను పోయించుకుంటాడు, వాడని వాడికి అది అక్కరే లేదు. ఒక్క విషయం గుర్తు పెట్టుకోండి. ఇత్తడి ఎప్పటికీ కిలో ధర కంటే కిందికి పోదు. ఆ రోజు తూకం ధర కనుక్కుని, గంగాళం బరువుతో గుణించి పెట్టుకోండి. ఎవరైనా దానికి దగ్గరగా బేరం చేస్తున్నారంటే పాత వస్తువును కొంటున్నట్టు కాదు, లోహాన్ని కొంటున్నట్టు.

గడియారం మీద డబ్బు పెట్టొచ్చని ఎందుకన్నానంటే, జనతా ఇప్పటికీ చేతికి పెట్టుకునే వస్తువు. హెచ్‌ఎంటీ 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో బెంగళూరులో గడియారాలు మొదలుపెట్టింది. ఫ్యాక్టరీలు మూతపడ్డాక వీటి మీద మోజు పెరిగింది. అదే మోజుతో మార్కెట్లో ఒక పెద్ద ఇబ్బందీ వచ్చింది. పాత జనతాల డయల్ గీకేసి, కొత్తగా రంగు వేసి, ఎరుపు, ఆకుపచ్చ, నెమలికంఠం రంగుల్లో 'అరుదైనది' అని అమ్మేస్తున్నారు. కాబట్టి మీ తాతగారి గడియారానికి పసుపు తిరిగిన తెల్ల డయల్ ఉందంటే అదే దాని విలువ. రిపేరు షాపులో "డయల్ మార్చి కొత్తదానిలా చేస్తా" అంటే ఒప్పుకోకండి. భూతద్దంతో చూస్తే అసలు డయల్ మీద అక్షరాలు సన్నగా, అంచులు కోసినట్టుగా ఉంటాయి, నిమిషాల గీతలు సమానంగా ఉంటాయి. మళ్లీ వేసినదాని మీద అక్షరాలు లావెక్కి, గీతలు అంకెల గుర్తుల పక్కకు జరిగి ఉంటాయి.

చేయించాల్సింది సర్వీసింగ్: యంత్రం విప్పి, కడిగి, నూనె వేయించడం. ఆగిపోయిన చాలా జనతాలకు అసలు జబ్బు ఎండిపోయిన నూనే. స్ప్రింగు తెగితే మార్పించండి, అద్దం గీతలు పడితే మార్పించండి. అద్దం, పట్టీ, స్ప్రింగు అరిగిపోయే భాగాలు, వాటిని మార్చినందుకు ఎవరూ ధర తగ్గించరు. డయల్, ముళ్లు, కీ ఇచ్చే తల, వెనక మూత అసలువే ఉండాలి. కేసు మీద గీతలున్నాయని బఫ్ చేయిస్తే అంచుల పదును పోయి గుండ్రంగా అవుతుంది, అది వద్దు. సర్వీసింగుకు అడిగే డబ్బు, నడుస్తున్న జనతాకు ఆగిన జనతాకు మధ్య ధర తేడా కంటే తక్కువైతేనే చేయించండి. మామూలుగా తక్కువే ఉంటుంది, కానీ అడగకుండా అనుకోకండి.

రేడియో విషయంలో ఒక్క జాగ్రత్త: పనిచేస్తుందేమో చూద్దామని ప్లగ్ పెట్టి స్విచ్ వేయకండి. అన్నేళ్లు ఊరికే ఉన్న రేడియోలో పాత కాగితపు కెపాసిటర్లు చెడిపోయి ఉంటాయి. నేరుగా కరెంటు ఇస్తే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు, మీకు షాక్ కొట్టొచ్చు. వాల్వులు తెలిసిన మెకానిక్ ఇంకా దొరుకుతాడు, ఆయనతోనే తెరిపించండి. పాడైన కెపాసిటర్లు మార్పించి పాటలు పలికిస్తే ధర బాగా పెరుగుతుంది, ఎందుకంటే అలంకారానికి కొనేవాడికీ సేకరించేవాడికీ ఇద్దరికీ మోగే రేడియో అంటే ఇష్టమే. తీసేసిన భాగాలను మాత్రం కవర్లో వేసి రేడియోతో పాటే ఇవ్వండి. చెక్క పెట్టె మీద పాలిష్ జోలికి, స్పీకర్ ముందు గుడ్డ మార్చే జోలికి పోవద్దు.

మందసానికి వస్తే, కాలిలో పురుగు ఇంకా బతికుందా చచ్చిందా అన్నది ముందు తేల్చండి. చిల్లులను కుంచెతో దులిపి, కాలి కింద నల్లని కాగితం పరిచి కొన్ని వారాలు వదిలేయండి. మెత్తని పొడి మళ్లీ రాలిందంటే పురుగు లోపల తింటూనే ఉంది. మందు పెట్టించి ఆపించాల్సిందే, లేకపోతే కొన్నవాడి ఇంట్లో మిగతా చెక్క సామానూ పోతుంది. చెద అయితే మట్టి గూళ్లు కనిపిస్తాయి, దానికి వేరే మందు. ఇది అమ్మినా అమ్మకపోయినా చేయించాల్సిన పని. నష్టాన్ని ఆపే ఖర్చుకూ, అందం పెంచే ఖర్చుకూ ఇదే తేడా. మొదటిదానికి నేనెప్పుడూ వెనకాడను.

అతుకు ఊడిన చోట వడ్లాయనతో పాత వజ్రం జిగురు (పశువుల తోలు ఉడికించి చేసే వడ్రంగి జిగురు) పెట్టించండి. వేడి నీటి ఆవిరి తగిలిస్తే అది మళ్లీ విడిపోతుంది, రేపు ఇంకొకరు ఇంకా బాగా చేయాలన్నా వీలుంటుంది. ఫెవికాల్, ఎపాక్సీ పెడితే విడదీసేటప్పుడు చెక్కే చీలుతుంది. పుచ్చిన కాలిని మొత్తం మార్చకుండా పోయినంత మేరకే అదే టేకు ముక్క వేయించండి. ఇల్లు తీసేస్తుంటే పాత దూలాల ముక్కలు అక్కడే దొరుకుతాయి, అంతకంటే మంచి జోడీ చెక్క బయట కొన్నా రాదు. సాండ్ పేపర్ పట్టించొద్దు, మెలమైన్ పాలిష్ వద్దు. కొలిమిలో కొట్టిన మేకులు, గొళ్లెం తుప్పుపట్టినా తీసి కొత్తవి బిగించొద్దు. మందసం మీద చెక్కలో పొదిగిన తెల్లని ముక్కలు ఉండి అవి ఏనుగు దంతమని అనుమానం వస్తే, బేరం ఆపండి. వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దంతం వ్యాపారం నేరం, ఎంత పాతదైనా సరే.

ఇక పటం. నాకు ఇందులో అన్నిటికంటే దిగులుగా ఉన్నది దాని గురించే. చేర్యాల నకాషీ పటం, అంటే చేర్యాల ఊరి చిత్రకారులు గుడ్డ మీద గీసే కథల బొమ్మల చుట్ట అయి ఉంటుందనుకుంటున్నాను, మన జిల్లాల్లో చుట్టగా దొరికే పటాలు ఎక్కువగా అవే. కథ చెప్పేవాళ్లు ఊరూరా తిరిగి, పటాన్ని కొంచెం కొంచెంగా విప్పుతూ కులపురాణాలు చెప్పేవాళ్లు: పద్మశాలీలకు కూనపులివాళ్లు, గౌడులకు గౌడజెట్టివాళ్లు, ముదిరాజులకు కాకిపడగలవాళ్లు. పటం పాడైతే పూజ చేసి నదిలో కలిపి కొత్తది గీయించుకోవడం వాళ్ల ఆచారం, అందుకే పాతవి తక్కువ మిగిలాయి. మీ ఇంట్లో ఒకటి మిగలడం మామూలు సంగతి కాదు.

అది ఎట్లా తయారవుతుందో తెలిస్తే ఎందుకు ముట్టుకోవద్దంటున్నానో అర్థమవుతుంది. ఖద్దరు గుడ్డ మీద తెల్లసుద్ద, బియ్యం గంజి, చింతగింజల అంబలి, చెట్టు జిగురు కలిపి పూతలు పూతలుగా వేస్తారు. ఆ పూత మీద జిగురు కలిపిన రంగులు. ఏళ్లు గడిచాక ఆ పూత ఎండి పెళుసెక్కుతుంది. చుట్టను ఒక్కసారిగా విప్పితే రంగు పెచ్చులుగా రాలుతుంది. తడిగుడ్డ తగిలిస్తే జిగురు కరిగి రంగు గుడ్డకే వచ్చేస్తుంది. చిరుగుకు సెల్లోటేపు వేస్తే కొన్నాళ్లకు దాని జిగురు గుడ్డలోకి ఇంకి పసుపు మరక మిగులుతుంది, దాన్ని తీయడం సంరక్షణ నిపుణులకు కూడా కష్టం. లామినేషన్ అన్న మాటే ఎత్తొద్దు. పాత కాటన్ గుడ్డలో వదులుగా చుట్టి, గోడకు, నేలకు తగలకుండా పొడిగా ఉన్నచోట అడ్డంగా పెట్టండి.

చేర్యాలలో ఇప్పటికీ ఆ పని చేసే కుటుంబాలున్నాయి. పటాన్ని వాళ్లకు చూపించండి, కానీ గీయించడానికి కాదు. ఇది ఏ కథ, మొదలెక్కడ, ఎన్ని అంకణాలు (బొమ్మల గళ్లు) పోయాయి, ఏ రంగులు పాత పద్ధతివి అని వాళ్లు చెప్పగలరు. ఆ మాట రాసిపెట్టుకుంటే పటం విలువ పెరుగుతుంది. పోయిన ముఖాల మీద కొత్త రంగు వేయిస్తే, ఎంత మంచి చేయి వేసినా, పాత పటం మీద కొత్త బొమ్మ అవుతుంది. నిజంగా బాగు చేయించాలంటే హైదరాబాదులో సాలార్‌జంగ్ మ్యూజియంలో సంరక్షణ విభాగం ఉంది, అక్కడ అడిగితే ఎవరి దగ్గరికి పోవాలో తెలుస్తుంది.

దీనికి చట్టం కూడా తగులుతుంది. పురావస్తువులు, కళాఖండాల చట్టం 1972లో వచ్చింది, 1976 ఏప్రిల్ 5 నుంచి అమల్లో ఉంది. నూరేళ్లు దాటిన వస్తువు పురావస్తువు కిందికి వస్తుంది. అందులో గుడ్డ మీద గీసిన చిత్రాలు, రాతి, లోహ శిల్పాలు, శిల్పాలు చెక్కిన కలప లాంటివి రిజిస్టర్ చేయించాలి, చేతులు మారినప్పుడు ఆ సంగతి రిజిస్టరింగ్ అధికారికి తెలియజేయాలి. వ్యాపారిగా పురావస్తువులు అమ్మాలంటే లైసెన్సు ఉండాలి. దేశం దాటించే హక్కు ప్రైవేటు వ్యక్తులకు లేదు, పంపితే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, జరిమానా. ఆన్‌లైన్లో విదేశాల నుంచి ఎవరైనా పెద్ద ధర చెప్పినా ఆశపడొద్దు. ఇల్లు తవ్వేటప్పుడు పునాదిలో నాణేలు, విగ్రహాలు ఏమైనా బయటపడితే అవి మీ తాతగారి సామాను లెక్కలోకి రావు. నిధి నిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి. కాకతీయుల నేల కాబట్టి ఈ మాట ముందే చెప్తున్నాను.

లెక్క ఎట్లా వేయాలో ఒక ఊహా ఉదాహరణ చెప్తాను. మందసానికి ఉన్నది ఉన్నట్టు 12,000 వస్తుందనుకోండి. వడ్లాయన, పాలిష్, ఆటో కలిపి 6,000 పెడితే 17,000 వస్తుందని వ్యాపారి అన్నాడనుకోండి. మీకు 1,000 నష్టం, పైగా నెల రోజులు ఆగాలి, 17,000 అన్నది ఇంకా నోటిమాటే. అందుకని రిపేరుకు ఇచ్చేముందు ఉన్న స్థితిలోనే కనీసం ముగ్గురిని ధర అడగండి, వాళ్లలో ఒకరు సేకరించేవాళ్లయి ఉండాలి. "ఇది బాగు చేయించనా?" అని కూడా అడగండి. ముగ్గురూ వద్దంటే ఖర్చు తప్పింది. చేయిస్తే ముందూ తర్వాతా ఫొటోలు తీసి, ఏం మార్చారో కాగితం మీద రాసి, కొనేవాడికి ఇవ్వండి. దాచిన రిపేరు బయటపడితే వస్తువు ధరే కాదు, మీ మాట ధర కూడా పడిపోతుంది.

ఒక్క మాట మీద అన్నీ తీసుకుంటానన్న బేరానికి ఒప్పుకోకండి. అందులో గంగాళం ఇత్తడి తూకానికి, రూపాయలు వెండి తూకానికి లెక్క కట్టి, పటాన్ని పైన కొసరుగా తీసుకుపోతాడు. వస్తువుకు వస్తువుకు వేరే ధర అడగండి, చెప్పకపోతే పంపించేయండి. ఇల్లు తీసేసే రోజు దగ్గరపడిందని తొందర ఉంటే గంగాళం, మందసం, రేడియోలను బంధువుల ఇంట్లో పొడిచోట పెట్టించండి. రూపాయలు, గడియారం, పటం మూడూ మీతోనే తెచ్చుకోండి. గంగాళం మూతి ఫొటో, పటం బయటి అంచు ఫొటో, విప్పకుండానే, పగటి వెలుతురులో తీసి పెట్టండి. పేరు చదవడానికి వస్తే ఏ ఊరిదో, ఎప్పటిదో చెప్పడానికి ప్రయత్నిస్తాను.